గుడికంటె పెద్దది విచారణ

తెలుగునాటి పాత కతోలిక గుడులలో, అది పల్నాటి మెట్టలోనిదైనను కృష్ణా డెల్టాలోనిదైనను, విచారణ (పారిష్) గురువుల గదియందు ఒక ఇనుప బీరువా ఉండును. ఆ బీరువా అడుగు అరలో తోలు వీపులు గల పెద్ద పుస్తకములు కొన్ని, అంచులు చెదలు కొట్టి, సిరా గోధుమవన్నెకు తిరిగి, కలరా ఉండల వాసనతో పరుండియుండును. అవి జ్ఞానస్నానపు పుస్తకములు. ఒక్కొక్క వరుసలో బిడ్డ పేరు, పుట్టిన దినము, తలిదండ్రుల పేర్లు, ఊరు, జ్ఞానతండ్రి జ్ఞానతల్లుల పేర్లు, చివర గురువు చేవ్రాలు. పాతవానిలో ఈ వివరములన్నియు విదేశీ గురువుల వాలుదస్తూరిలో, లాటిను భాషలో నుండును. అంచున విడిచిన ఖాళీ స్థలములో ఎన్నో యేండ్ల తరువాత మరియొక చేయి మరియొక సిరాతో చేర్చిన చిన్న పంక్తులు కనబడును: ఫలానా సంవత్సరమున ఫలానా గుడిలో ఫలానావానితో జ్ఞానవివాహము జరిగెనని. ఎవరు ఎక్కడ పెండ్లియాడినను ఆ వార్త వారు జ్ఞానస్నానము పొందిన విచారణకు తిరిగి చేరవలెననుట శ్రీసభ (కతోలిక సంఘము) శాసనము. కావున పల్నాటి పల్లెలో తలపై నీళ్లు పోయించుకొన్న పిల్ల సికింద్రాబాదులో కాపురమునకు పోయినను, జర్మనీలో నర్సుగా కుదిరి అక్కడనే మనువాడినను, ఆమె పేరుగల వరుసను వెదకుకొనుచు ఒక ఉత్తరము ఆ పల్లెకు వచ్చును.

ఆ వరుసలను వ్రేలితో వెంబడించి చదువుచు పోయినచో ఒక జనసమూహపు ప్రయాణమంతయు పేర్లలోనే గోచరించును. రాయప్ప, చిన్నప్ప, ఇన్నాసి, శౌరి, జోజి, అంతోని, ఆరోగ్యమ్మ, లూర్దు మేరి. పునీత పేతురును రాయప్ప యనియు పునీత పౌలును చిన్నప్ప యనియు పిలుచు వాడుక తమిళదేశపు కతోలికుల నుండి గురువుల వెంట ఉత్తరమునకు వచ్చి, కాలక్రమమున చిన్నపరెడ్డి, ఇన్నారెడ్డి, మర్రెడ్డి, బాలశౌరి అను అచ్చమైన ఊరి పేర్లుగా మారి, తమ పుట్టుక ఎక్కడిదో మోయుచున్నవారికే తెలియనంతగా ఈ నేలలో వేళ్లూనుకొన్నది.

ఈ పుస్తకములను గూర్చి మొదటనే చెప్పుటకు కారణమున్నది. బాటవెంట పోవువారు ఎత్తయిన గోపురమును, రంగు అద్దముల కిటికీలను చూచి, అదియే కతోలికుల సర్వస్వమని తలంతురు. పత్రికలలోని వర్ణనలును సాధారణముగా ఆ గోపురము చుట్టునే తిరుగుచుండును. కాని విచారణ యనునది కట్టడము కాదు. 1917 నాటి శ్రీసభ ధర్మశాస్త్ర సంపుటము విచారణను పీఠాధిపతి ఏలుబడిలోని భూభాగమునందు ఒక విభాగముగా, తనదైన గుడియు తనదైన కాపరియు గల ఎల్లగా చూచెను; 1983లో వెలువడిన క్రొత్త సంపుటము, తన 515వ సూత్రమునందు, విచారణను విశ్వాసుల సమూహముగా నిర్వచించినది. హద్దురాళ్లు పోలేదు గాని, హద్దురాళ్లకు ముందు మనుష్యులు నిలిచిరి. అదే సంపుటములోని 534వ సూత్రము మరింత హృద్యమైనది: ప్రతి ఆదివారమును, విధ్యుక్తమైన పండుగ దినములందును, విచారణ గురువు తనకప్పగింపబడిన ప్రజల కొరకు ఒక పూజను సమర్పించి తీరవలెను. చనిపోయిన తండ్రి ఆత్మశాంతికనియు, బిడ్డ పరీక్ష గట్టెక్కవలెననియు జనులు కానుకయిచ్చి చెప్పించు పూజలు వేరు. ఈ పూజకు కానుక లేదు, అడిగినవాడు లేడు. గుడికి వచ్చినవాడును, వచ్చుట మానుకొన్నవాడును, గురువుతో మాటలు లేనివాడును అందులో భాగస్వాములే. ఆదివారపు గంట విని దుప్పటి ముసుగు బిగించుకొను కుర్రవాని కొరకు సయితము ఆ వేళ ఒకరు పీఠము ముందు నిలిచియుందురు.

ఈ సమూహము తెలుగునాట ఏర్పడిన తీరు సాఫీగా సాగిన కథ కాదు. పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున ఫ్రెంచి యేసుసభ (జెస్విట్) గురువులు పుదుచ్చేరి నుండి ఉత్తరముగా వచ్చి, కర్ణాటక మిషను అను పేర తెలుగు పాలెగాండ్ర సీమలలో స్థిరపడి, కావి ధరించి, మాంసము విసర్జించి, ఇచ్చటి సన్యాసుల జీవనరీతిని అవలంబించిరి. వారిలో ఒకరైన గాస్తోన్ లోరాన్ కూర్దూ కృష్ణాపురమునందు వసించి తెలుగు, సంస్కృతము, ఫ్రెంచి భాషలకు నిఘంటువును కూర్చిన పండితుడు. సంస్కృతమునకు గ్రీకు లాటినులతో గల బంధుత్వమును నిరూపించుచు 1767లో ఆయన పారిసు పండితులకు వ్రాసి పంపిన లేఖ, అదే సంగతిని విలియం జోన్సు కలకత్తాలో 1786లో ప్రకటించుటకు పందొమ్మిదేండ్లు ముందరిది. ప్రపంచ భాషాశాస్త్ర చరిత్రలో ఒక మూలసూత్రము తెలుగు పల్లెలో పనిచేసిన ఒక గురువు కలమునుండి వెలువడెనని మన పాఠ్యపుస్తకములు చెప్పకపోవుట నాకు లోపముగానే తోచుచున్నది.

1773లో పాపుగారి ఆజ్ఞచే యేసుసభ రద్దుకాగా తెలుగుదేశమున గురువులు కరవైరి. యుద్ధములును కరవులును చెదరగొట్టగా తూర్పుదిక్కునకు వలసవచ్చిన కుటుంబములు తమతో జపమాలలను, కంఠస్థమైన జపములను, మరియమ్మ పటములను మాత్రమే తెచ్చుకొనగలిగినవి. గురువు రాక కొరకు నెలలు కాదు, కొన్ని తావుల సంవత్సరములే ఎదురుచూచుచు, పుట్టిన బిడ్డకు ఇంటిపెద్దయే నీళ్లు పోసి, చనిపోయినవానికి ఇంటిపెద్దయే జపము చెప్పి, ఆ కుటుంబములు విశ్వాసమును కాపాడుకొన్నవి. అవసర సమయమున ఎవరైనను జ్ఞానస్నానమీయవచ్చునను శ్రీసభ నియమము అట్టి దినములలో ఎంత విలువైనదో ఊహింపవచ్చును.

తరువాతి శతాబ్దిలో గురువులు మరల వచ్చిరి: 1846లో సవాయి దేశపు అనెసీ నగరమునుండి పునీత ఫ్రాన్సిస్ సాలెసు సభవారు విశాఖపట్టణమునకు, ఆ శతాబ్ది నడుమ మిలాను నగరపు పీమే సభవారు హైదరాబాదు మిషనునకు, 1875 నుండి లండనులోని మిల్ హిల్ సభవారు చెన్నపట్టణపు మిషనులోని తెలుగు భాగములకు. గుంటూరు సమీపమున గల ఫిరంగిపురము ఈ మిల్ హిల్ గురువుల ప్రధానస్థానములలో ఒకటియై, బాలయేసు దేవాలయముతో, పాఠశాలలతో, నేటికిని తెలుగు కతోలికులకు పుట్టినిల్లు వంటి గౌరవము పొందుచున్నది. 1876లో మొదలైన మహా కరవు తరువాతి దశాబ్దములలో మాలపల్లెలును మాదిగపల్లెలును వేలకొలదిగా క్రైస్తవములోనికి వచ్చినవి. అంతవరకు కొన్ని రెడ్ల కమ్మల కుటుంబములతో నిండియుండిన సమూహము అప్పటినుండి వేరొక సమూహమైనది. ఆ మార్పును సంపూర్ణముగా అంగీకరించుటకు పాతవారికి ఎంతకాలము పట్టినదో తరువాత చెప్పెదను. 1940లో గుంటూరు పీఠమేర్పడినప్పుడు దానికి తొలి పీఠాధిపతిగా తోమాసు పోతకమూరి అను తెలుగువాడే నియమితుడైన సంగతి, దేశము ఇంకను పరపాలనలో నున్న దినములలో, చిన్నది కాదు.

చరిత్రకారులు మిషనరీల పేర్లను భద్రపరచిరి. ఉపదేశుల పేర్లను భద్రపరచిన వారు అరుదు. విచారణ కేంద్రమైన ఊరిలో గురువులుందురు; దాని క్రింద ఎనిమిదో పదియో పల్లెలుండును; ఆ పల్లెల గుడులకు గురువులు నెలకు ఒకమారో రెండుమార్లో మాత్రమే రాగలరు. తక్కిన దినములలో ఆ పల్లె విశ్వాసమును మోయువాడు ఉపదేశి. తెల్లవారుజామున గంటకొట్టువాడు అతడే; పిల్లలను చాపలపై కూర్చుండబెట్టి పరలోకజపము, మంగళవార్త జపము, విశ్వాససంగ్రహము వల్లె వేయించువాడు అతడే; గురువులు రాని ఆదివారము పీఠము ప్రక్కన నిలిచి సువిశేషమును చదివి, నాలుగు మాటలు చెప్పి, పాటనెత్తువాడును అతడే. అతని చేతిసంచిలో ఒక జపపుస్తకము, ఒక సీసాలో పవిత్రజలము, ఒక నోటుబుక్కు ఉండును. ఆ నోటుబుక్కులో ఎవరింట బిడ్డ పుట్టినది, ఎవరు మంచమెక్కినారు, ఏ ఆలుమగలు మాటలాడుకొనుట లేదు, ఎవరి పెండ్లి ప్రకటనను వచ్చు మూడు ఆదివారములు చదువవలెను అనునవి వ్రాసికొని, గురువులు వచ్చిన దినమున మోటారుసైకిలు దిగకముందే వినిపించును. మరణశయ్యమీద నున్నవారికి అవస్థాభ్యంగనము చేయించుటకై అర్ధరాత్రి విచారణ గృహమునకు పరుగెత్తువాడు అతడే. గురువులు చేరులోపల ఆ రోగి చెవిలో యేసునామమును ఉచ్చరించుచు కూర్చుండునది, తరచుగా, అతని భార్య.

ఇంత చేసిన వానికి లభించునది చాలీచాలని జీతమును, కోతలకాలమున కళ్లాలలో పెట్టు నాలుగు కుంచముల ధాన్యమును మాత్రమే. ఉపదేశి కొడుకు ఉపదేశి యగుటకు ఇష్టపడకపోవుటలో తప్పేమియు లేదు. 2021 మే నెలలో ఫ్రాన్సిస్ పాపుగారు ఉపదేశి సేవను శ్రీసభలో శాశ్వతమైన ప్రత్యేక పరిచర్యగా స్థాపించినప్పుడు, ఐరోపా పత్రికలు దానిని నూతన విషయముగా వ్రాసినవి; తెలుగు పల్లెలలో అది తాతలనాటి పని. గౌరవము ఆలస్యముగానైనను వచ్చినది. జీతము సంగతి పీఠాధిపతులును, దానికంటె ముందుగా విచారణ ప్రజలును ఆలోచింపవలసినది. గోపురమునకు రంగువేయించుటకు లక్షలు ప్రోగుచేయగలిగిన ఊరు, ఆ గోపురము క్రింద గంటకొట్టువాని పిల్లల చదువునకు చందా వేసికొనలేదనుట నమ్మదగినది కాదు.

ఇక పూజ. అరువదియేండ్లకు పైబడిన పూర్వము దివ్యబలిపూజ లాటినులో జరుగుచుండెను. గురువు ప్రజలతో పాటు పీఠమువైపు ముఖము త్రిప్పి, మెల్లని స్వరమున, తరతరముల నుండి మారని మాటలను పలుకుచుండగా, వెనుక మోకరించిన పల్లెజనము తమ జపమాలను తాము త్రిప్పుకొనుచు, మధ్యమధ్య తెలుగుపాట పాడుచు, దివ్యసత్ప్రసాదమును గురువు పైకెత్తి చిరుగంట మ్రోగినప్పుడు ఒక్కసారిగా తలలు వంచుచుండిరి. వారు పూజను అర్థము చేసికొనలేదని ఇప్పటివారు తొందరపడి అందురు. మాట తెలియకపోయినను ఆ క్షణము దేనికో వారెరుగుదురు. అయినను, బల్ల యొద్దకు పిలువబడినవారికి ఆ పిలుపు తమ భాషలో వినబడకపోవుట కొరతయే. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ప్రకటించిన ఆరాధనా సంవిధానము ఆ కొరతను తీర్చుటకు దారితెరచినది. కొలది సంవత్సరములలో గురువు ప్రజలకు అభిముఖముగా తిరిగి తెలుగులో ప్రార్థించుట మొదలిడెను. తరువాతి కాలమున యేసుసభకు చెందిన పూదోట జోజయ్యగారి వంటి గురువులు బైబులును కతోలికుల కొరకు సులభమైన తెలుగులోనికి తెచ్చుటతో, ఆదివారపు పఠనములు వాకిట కూర్చున్న కూలిజనమునకు సయితము అందినవి.

1969 ఏప్రిలులో రోము అనుమతించిన పన్నెండు అంశములు ఈ మార్పును మరియొక మెట్టు ఎక్కించినవి. చెప్పులు వెలుపల విడుచుట, నేలమీద కూర్చుండుట, చేతులు జోడించి శాంతిని అందించుకొనుట, పంచాంగ ప్రణామము, నూనెదీపము, సాంబ్రాణి, పూలతో హారతి, గురువు భుజముపై అంగవస్త్రము: ఇవి అప్పటికే మన ఇండ్లలో నున్నవి, పూజలోనికి మాత్రము అప్పుడు అడుగిడినవి. దానిని అన్ని విచారణలును ఒకే ఉత్సాహముతో స్వీకరింపలేదు. అన్యాచారములను గుడిలోనికి తెచ్చుచున్నారని బాధపడినవారు కలరు. అగ్రవర్ణపు ఆచారములనే భారతీయమనుచున్నారు, మా డప్పు మాటేమిటని దళిత విశ్వాసులు అడిగిరి. ఈ రెండవ ప్రశ్న నాకు న్యాయముగా తోచును. ఊరేగింపులో వీధిలో మ్రోగి గుడిగుమ్మమున ఆగిపోవుచుండిన డప్పు కొన్ని విచారణలలో ఇప్పుడు కానుకల ప్రదక్షిణమునకు ముందు నడచి పీఠము వరకు వచ్చుచున్నది. ఆ మ్రోత లోపలికి వచ్చిన దినమున వెనుకవరుసలోని ముసలివారు కొందరు లేచి నిలువబడుదురు. ఎవరును వారిని నిలువుమని చెప్పియుండరు.

మారనిది ఒకటున్నది. గ్రామములలో పూజకు ముందు స్త్రీలు కూడి జపమాల చెప్పు తీరు ఇప్పటికిని అట్లే యున్నది. కుడివైపు వరుస సగము జపము చెప్పగా ఎడమవైపు వరుస తక్కిన సగము అందుకొనును; ఒక వరుస ముగింపుమీద రెండవ వరుస ఎత్తుగడ కొంచెము ఎక్కిపోవుటచే నడుమ ఎచ్చటను నిశ్శబ్దముండదు. సంతకము చేయనేరని అవ్వ నోట ‘యొక్క’యును, ‘యందు’ను, ‘గాక’యును ఒక్క అక్షరము జారక వెలువడును. తెలుగుదేశమున బడి ముఖము చూడని నోటిలో గ్రాంథికభాష ఇంత నిసర్గముగా బ్రతికియున్న చోట్లు ఎక్కువ లేవు.

ఆ స్త్రీలే విచారణకు వెన్నెముక. మరియదళము పేర వారమువారము కూడి రోగులను చూడబోవునది వారు. గుడి ఊడ్చి పీఠమునకు పూలు కట్టునది వారు. మే నెలలోను అక్టోబరులోను మరియమ్మ స్వరూపమును ఇంటింటికి మోసికొనిపోయి, ఆ రాత్రి ఏ ఇంట దిగునో ఆ ఇంటి ముంగిట చాపలు పరచి వాడనంతటిని కూడబెట్టునది వారు. అట్లు మరియమ్మ ఒక ఇంటికి విచ్చేయు సాయంకాలము, ఆ ఇంటివారితో ఏడాదిగా పలుకని పొరుగువారు సయితము వాకిట చేరక తప్పదు. జపము ముగిసిన తరువాత పంచిపెట్టు శనగలును బెల్లపుముక్కయు చేతిలో పడినప్పుడు మాట కలియుటయు కద్దు. ఇక మఠకన్యల సేవ ఎల్లరు ఎరిగినదే. 1904లో హాలెండు నుండి గుంటూరు చేరిన జె.ఎం.జె. సభ సిస్టర్లు ప్రసూతికై స్త్రీలు మంత్రసానిని తప్ప ఎరుగని కాలమున వైద్యశాలను నెలకొల్పిరి. వారి చేతులమీదుగా ఈ లోకమునకు వచ్చినవారిలో, వారివలన చదువు నేర్చినవారిలో అన్ని మతములవారును కలరు. ఇంతచేసిన స్త్రీలకు పఠనము చదువుటకు, పీఠసేవ చేయుటకు స్థిరమైన అధికారము శ్రీసభ శాసనములో 2021 జనవరిలో గాని లభింపలేదు.

విచారణకు సంవత్సరము జనవరితో మొదలుకాదు. డిసెంబరు ముంగిట ఆగమనకాలముతో మొదలగును. క్రిస్మసును గూర్చి లోకమునకు తెలియును గనుక ఇచ్చట విస్తరింపను. తెలియనిది తపస్కాలము. విభూది బుధవారమున నొసట బూడిద పెట్టించుకొన్నది మొదలు నలువది దినములు, ప్రతి శుక్రవారము సాయంకాలము, పదునాలుగు స్థలముల సిలువమార్గము జరుగును. మిరపకోతల నుండి నేరుగా వచ్చిన కూలి స్త్రీలు మండుచున్న వ్రేళ్లతోనే చేతులు జోడించి ఒక స్థలము నుండి మరియొక స్థలమునకు మోకరించుచు పోవుదురు. వారు పాడు శ్రమలపాటలలోని దుఃఖము గ్రంథమునుండి నేర్చినది కాదు.

ఆ కాలపు శిఖరము పవిత్ర గురువారపు రాత్రి. పీఠము ముందు ఒక పొడుగాటి బల్లమీద పన్నెండుగురు కూర్చుందురు. గురువు పైవస్త్రమును తీసి, నడుమునకు తువ్వాలు చుట్టుకొని, ఇత్తడి చెంబుతో వంగి ఒక్కొక్కరి పాదముపై నీళ్లు పోసి కడిగి తుడుచును. పన్నెండుగురిలో కౌలురైతు, రిక్షా తొక్కువాడు, పంచాయతీలో చెత్తయెత్తువాడు ఉందురు. వేసవి ముంగిట ఆ మడమలు నెఱ్ఱెలు విచ్చి, ఎంత తోముకొని వచ్చినను రేగడిమన్ను ఆ పగుళ్లలో నల్లని గీతలై నిలిచియుండును; కొందరు సిగ్గుచే కాలు వెనుకకు లాగుకొందురు, గురువు దానిని చేతితో పట్టి ముందునకు తెచ్చును. ఊరిలో ఎవరి యెదుట కూర్చుండుటకును సాహసింపని మనిషి అక్కడ కూర్చుండియుండును, ఊరంతయు నమస్కరించు మనిషి అతని కాళ్ల ముందు వంగియుండును. 2016 జనవరిలో రోమునుండి వచ్చిన అనుమతి తరువాత ఈ బల్లపై స్త్రీలును కూర్చుండుచున్నారు. కూర్చుండబెట్టని విచారణలును ఉన్నవి.

పాస్కా రాత్రి క్రొత్త అగ్గి వెలిగించి, ఆ సంవత్సరపు అంకెలు చెక్కిన పెద్ద క్రొవ్వొత్తిని చీకటి గుడిలోనికి తెచ్చుటతో దుఃఖకాలము ముగియును. అక్కడి నుండి పండుగలు వరుసకట్టును: పాలకపునీతుని తిరునాళ్లు, జెండా ఎత్తుట, నవదిన ప్రార్థనలు, దీపాలంకృతమైన తేరు, పెద్దకళాయిలలో వండిన భోజనము. విచారణలన్నియు ఒక్కటియై కదలునది ఫిబ్రవరిలో గుణదలకు. బెజవాడ చెంత గల ఆ కొండమీది గుహలో 1924లో అర్లాటి అను ఇటలీ గురువు లూర్దుమాత స్వరూపమును ప్రతిష్ఠించెను. 1858లో ఫ్రాన్సు దేశపు లూర్దులో బెర్నదెత్ అను పేదబాలికకు మరియమ్మ తొలిసారి దర్శనమిచ్చిన ఫిబ్రవరి 11వ తేదీయే ఇచ్చటి మహోత్సవదినము. లక్షలకొలది జనులు వత్తురు. తలనీలాలర్పించువారు, కొబ్బరికాయ మ్రొక్కు చెల్లించువారు, బిడ్డను తల్లి పాదములచెంత ఉంచి ఎత్తుకొనువారు, వారిలో ఎవరు ఏ మతస్థులో ఎవరును అడుగరు. బండలు గట్టిగా కాలకముందే మెట్లెక్కవలెనని పల్లె స్త్రీలు తెల్లవారుజామున మూడుగంటలకే బయలుదేరుదురు.

నవంబరు 2వ తేదీ మృతుల స్మరణ దినము. దానికి ముందు వారము సమాధుల తోటలో కలుపు పీకి, సమాధులకు సున్నము కొట్టి, సిలువలపై పేర్లను నల్లరంగుతో తిరుగవ్రాయుదురు. ఆ సాయంకాలము బంతిపూలు పరచి, క్రొవ్వొత్తులు నిలిపి, గురువులు ఒక్కొక్క వరుస వెంట పవిత్రజలము చల్లుచు పోవుచుండగా, హైదరాబాదునుండియు బెంగుళూరునుండియు వచ్చిన పిల్లలు తాము చూడని ముత్తాతల పేర్లను చదువుచుందురు. విచారణలో బ్రతికియున్నవారును చనిపోయినవారును ఒకే సమూహమను విశ్వాసము ఆ సాయంకాలము కంటికి కనబడును.

ఆ సమాధుల తోటలోనే విచారణ గాయమును కంటికి కనబడును. కొన్ని ఊళ్లలో ఒకే గుడి, ఒకే పీఠము, ఒకే ప్రసాదము. సమాధులు మాత్రము రెండు చోట్ల. కొన్నిట నడుమ గోడ యున్నది, కొన్నిట గోడ కూలినను హద్దు కూలలేదు. పూర్వము గుడిలోనే దళితులకు వేరు స్థలము, వేరు వరుస ఉండెడివి. వరుసలు చాలవరకు పోయినవి. పండుగ తేరు ఏ వీధిలోనికి పోవలెను, ఏ వీధి గుమ్మమున ఆగవలెను అను తగవు మాత్రము నేటికిని అచ్చటచ్చట తలయెత్తుచునే యున్నది. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితాభ్యుదయ విధానపత్రమును ప్రకటించుచు, దేశమందలి 1 కోటి 90 లక్షల కతోలికులలో 1 కోటి 20 లక్షలమంది దళితులనియు, శ్రీసభలో అస్పృశ్యత యింకను ఉన్నదనియు, అది తుడిచివేయవలసిన మహాపాపమనియు ఒప్పుకొన్నది. ఆ ఒప్పుకోలు ధైర్యముతో కూడినది. వేరొకవైపు రాజ్యశాసనము వారిని విడిచిపెట్టినది: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేయగా, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించినను, క్రైస్తవులైన దళితులకు నేటికిని లేదు. ఆంధ్రలో వారికి దక్కినది వెనుకబడిన తరగతులలో సి వర్గమును, 1 శాతము రిజర్వేషనును. అందుచేత బడి రిజిస్టరులో ఒక పేరు, గుడి రిజిస్టరులో మరియొక పేరు పెట్టుకొని బ్రతుకవలసిన కుటుంబములు ఎన్నియో. దేవునియెదుట నిజమాడుమని నేర్పబడినవారిని ప్రభుత్వము యెదుట దాగుమని శాసించుట కంటె క్రూరమైన శిక్ష ఏమున్నది?

2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోనిగారు కార్డినలుగా నియుక్తులైరి. ఆయన కర్నూలు సీమలోని చిందుకూరు గ్రామమున 1961లో పుట్టినవారు. తెలుగువారిలో ఆ పదవినందిన మొదటివారు, దళితులలోను మొదటివారు. ఆ వార్త వచ్చిన రాత్రి మాదిగపల్లెల గుడిగంటలు మ్రోగుటలో ఆశ్చర్యమేమున్నది! పాపుగారిని ఎన్నుకొను సభలో, సిస్టీను మందిరమున, 2025 మే నెలలో ఆయన కూర్చుండి ఓటు వేసిరి. అంతదూరము పోయిన సమత తన ఊరి సమాధుల తోట గేటు దాటవలసియున్నది.

ఆ గేటు దాటించుటకు రోము అనుమతి అక్కరలేదు. విచారణలు తమ సొంత సమాధుల తోటలను కలిగియుండవచ్చునని శాసనము చెప్పుచున్నది గాని, అందులో కులమునకు చోటిచ్చు సూత్రము ఒక్కటియు లేదు; ఉన్నదంతయు మన అలవాటు. ఆర్థికవ్యవహారముల సంఘము ప్రతి విచారణకును విధిగా ఉండవలెను, చాల విచారణలలో విచారణ సంఘమును కలదు. క్రొత్తగా మరణించువారిని, ఏ వీధివారైనను, ఒకే తోటలో, మరణించిన క్రమముననుసరించి, ఒకరి ప్రక్క ఒకరిని ఉంచవలెనని ఒక ఆదివారము పూజానంతరము ఆ సంఘము కూర్చుండి తీర్మానించి, గురువు చేవ్రాలు పెట్టి, ఆ కాగితమును గుడిద్వారమున అంటించినచో చాలును.